కడిగితే పోని సీసం

శ్రీవారికి,

మీ ఇంటావిడ నమస్కరించి రాస్తున్న సంగతులు. ఇక్కడ ఇంటికప్పు, నేను, మీ అమ్మగారి నోరు అన్నీ క్షేమం. అక్కడ మీరు, మీ గరిటె, మీ ఓడ అడుగు ఎక్కడా చిల్లి పడకుండా ఉన్నాయని తలుస్తాను.

ముందు మీ ప్రశ్నలకు జవాబులు. వంటింటి కిటికీ బాగుచేయించావా అని అడిగారు. చేయించాను. ఇదివరకు మూసుకునేది కాదు, ఇప్పుడు తెరుచుకోవడం లేదు. వడ్రంగిని అడిగితే, మీరు మూసుకోవాలనే చెప్పారు కదా అన్నాడు. షెడ్డులో కొత్త సూపర్‌వైజరు ఎలాంటివాడన్నారు. మంచివాడే, పాపం ఏది చెప్పినా నమ్ముతాడు. చెత్త వేరుచేసే బెల్టు తిప్పేముందు రేకుల మీది ముసలి కాకికి దణ్ణం పెట్టకపోతే మోటారు కాలిపోతుందని చెప్పాను. రోజూ పెట్టేవాడు. మొన్న హడావుడిలో పెట్టకుండా స్విచ్చి వేశాడు, ఫ్యూజు ఎగిరిపోయింది. అప్పట్నించీ నేనూ పెడుతున్నాను.

నువ్వూ అమ్మా ఇంకా పోట్లాడుకుంటున్నారా అని కూడా రాశారు. పోట్లాడుకుంటూనే ఉన్నాం, పొద్దుపోవాలి కదా. కానీ ఈ ఉత్తరం నిండా మీ అమ్మను పొగడబోతున్నాను. దగ్గర్లో కుర్చీ ఉంటే కూర్చోండి.

ఫోనులో చెప్పొచ్చుగా అంటారేమో. మీరు రేవులో దిగి ఫోను చేస్తే అది ముందు ఎవరి చెవికి చేరుతుందో మీకు తెలుసు. నాకు దక్కేది చివరి "సరే, ఉంటాను" ఒక్కటే. పైగా ఆవిడ వింటుండగా ఆవిడ్ని పొగిడితే ఈ ఇంట్లో నా పరువేం కావాలి? ఉత్తరమైతే ఆవిడకు చత్వారం, నాది కోడి కెలికిన రాత. ఇద్దరికీ క్షేమం.

సంగతి మీ అమ్మ ఆకుకూర మళ్ళది. మన వీధి వెనక పాత చెత్తగుట్ట పాదం దగ్గర ఆవిడ కట్టిన మళ్ళు మీరు చూశారు. మీరు చూసినప్పుడవి చంటిపిల్లలు. ఆ తర్వాత చూడాల్సింది. తోటకూర నా అరచేతికన్నా వెడల్పు, పాలకూర నూనె రాసినట్టు నిగనిగ. కుండీల్లో పెంచుకునేవాళ్ళ మొక్కలు పక్కన పెడితే సిగ్గుతో వాడిపోతాయి. నీళ్ళు పోస్తే చాలు, ఎరువు అక్కర్లేదు అని మీ అమ్మ గొప్పలు పోయేది. ఎరువెందుకు, అడుగున సగం ఊరి చెత్త ఉంది కదా అనేదాన్ని నేను. చెత్తలో బతికేదానివి నీకు కూడా ఏపు వచ్చింది, నోటికి మాత్రమే అనేది ఆవిడ.

ఆ ఆకు ఎప్పుడూ అమ్మలేదు. పొద్దున్నే కోసి, తడి గుడ్డలో చుట్టి, గుమ్మం గుమ్మానికీ వెళ్ళి పేరు పెట్టి పిలిచి ఇచ్చేది. అందరికన్నా లేత ఆకు టైలరు పెళ్ళానికి. ఆ పిల్ల ఇప్పుడు కడుపుతో ఉంది. మనకు పిల్లలు లేక తీరని ముచ్చటంతా మీ అమ్మ ఆ పిల్ల కడుపు మీద తీర్చుకుంటోంది. "ఇది తిను, రక్తం పడుతుంది" అని దగ్గర కూర్చుని తినిపించి వచ్చేది.

ఇంతలో ఒక పిల్ల వచ్చింది. కాలేజీలో మట్టి మీద, మొక్కల మీద పరీక్షలు చేస్తుందట. భుజానికి ఒక సంచి, ఆ సంచిలో చిన్న సంచులు, వాటిలో ఇంకా చిన్న సంచులు. అందుకే సంచుల పిల్ల అని పేరు పెట్టాను. పాత గుట్టల మీద మొలిచే మొక్కల్లో ఏముందో చూడాలంది. మీ అమ్మ మురిసిపోయి, మంచి ఆకులు ఏరి మరీ ఇచ్చింది, పెళ్ళిచూపులకు కూతుర్ని ముస్తాబు చేసినట్టు. నేను ఊరుకుంటానా. షెడ్డులో దొరికిన ప్లాస్టిక్ తీగ నుంచి ఒక ఆకు తెంపి, దానికి కాస్త మట్టి పూసి, ఒక సంచిలో వేశాను. దాన్ని కూడా ఆ పిల్ల భక్తిగా అంకె వేసి పట్టుకెళ్ళింది.

కొన్నాళ్ళకు షెడ్డులో ఉండగా ఫోను వచ్చింది. బెల్టు తిరుగుతోంది, పక్కన లారీ చెత్త కుమ్మరిస్తోంది. ఆ రొదలో ఆ పిల్ల గొంతు: "ఆంటీ, మీ ఆకుల్లో సీసం ఉందండి, తినకండి." అంతే వినబడింది, ఫోను కట్. మీ ఇంటావిడగారి చదువు ఐదో తరగతి. సీసం అంటే ఈ బుర్రకు ఏం తడుతుంది? సీసా. సీసపెంకులు. చెత్తగుట్టలో పగిలిన సీసాలకేం తక్కువ, అరికాలితో ఎన్ని తొక్కలేదు. ఇంటికొచ్చి మీ అమ్మతో చెప్పాను, ఆకుల్లో సీసపెంకులున్నాయంట, జాగ్రత్త అని.

అప్పుడు మీ అమ్మను చూసి ఉండాల్సింది. మంచం మీద తెల్ల దుప్పటి పరిచింది. కోసిన ఆకుల్ని ఒక్కొక్కటే ఎత్తి, వెలుగుకు అడ్డం పెట్టి, ఈనె ఈనె తడిమి, తడి గుడ్డతో రెండు వైపులా తుడిచింది. కళ్ళు కనపడవని నన్ను కూడా కూర్చోబెట్టింది. "ఆ పిల్ల గొంతులో గుచ్చుకుంటే మనం బతికుండి ఏం లాభం" అంది టైలరు పెళ్ళాన్ని తలుచుకుని. ఒక్క పెంకు దొరకలేదు. మర్నాటి నుంచి అదే తంతు. తుడిచిన ఆకును ఇంకా గొప్పగా పంచింది. "కడిగిందమ్మా, ఒక్కొక్క ఆకూ చూసి తెచ్చాను, భయం లేదు" అని గుమ్మాల దగ్గర చెప్పింది కూడా. నేను పక్కనుంచి, మీ కళ్ళు ఇంత బాగుంటే మరి ఉప్పు డబ్బాలో పంచదార ఎవరు పోశారో అన్నాను. నిజానికి పోసింది నేనే. అది వేరే సంగతి.

సంచుల పిల్ల కాగితాలతో స్వయంగా ఇంటికి వచ్చేసరికి మీ అమ్మ దుప్పటి మీద ఆకులు తుడుస్తోంది. ఆ పిల్ల గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏం చేస్తున్నారు బామ్మా?"

"నువ్వు చెప్పావు కదమ్మా. సీసపెంకులు వెతుకుతున్నా."

ఆ పిల్లకు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. నాకు ఇంకా ఎక్కువసేపు పట్టింది. ఆ పిల్ల సంచులన్నీ కింద పెట్టి మీ అమ్మ పక్కన మంచం మీద కూర్చుంది.

"సీసా కాదు బామ్మా, సీసం. అదొక లోహం. పాత బ్యాటరీల్లో, పాత రంగు డబ్బాల్లో ఉంటుంది. అవన్నీ ఆ గుట్టలో నానుతున్నాయి. ఇది ఆకు మీద ఉండదు, ఆకు లోపల ఉంటుంది. వేరు నీళ్ళతో పాటు తాగేస్తుంది."

"కడిగితే?"

"మట్టి పోతుంది. ఇది పోదు."

"ఉడకబెడితే?"

"పోదు బామ్మా."

"రుచికి తెలుస్తుందా?"

"తెలియదు."

మీ అమ్మ చేతిలో ఆకును తిప్పి తిప్పి చూసింది. "మరి ఇంత పచ్చగా ఎందుకుందమ్మా? విషం తాగింది వాడిపోవద్దూ?"

"ఈ మొక్కలకు అదేం పెద్ద జబ్బు కాదు. మోసుకు తిరుగుతాయంతే. జబ్బు తిన్నవాళ్ళకి. మెల్లమెల్లగా, ఏళ్ళ మీద. పిల్లలకీ, కడుపుతో ఉన్నవాళ్ళకీ మాత్రం..." అని ఆ పిల్ల ఆగిపోయింది. మీ అమ్మ ముఖం చూసి ఆగిపోయింది.

నాకు ఏం చేయాలో తెలియనప్పుడు నా నోరు తనంతట తనే పనిచేస్తుంది. నేను పెట్టిన ఆకు సంగతేంటమ్మా అని అడిగాను. ఆ పిల్ల నవ్వకుండా కాగితం తీసింది. "అది మొక్కదే కాదని తెలుసుకోవడానికి నాకు ఒక పూట పట్టింది ఆంటీ. అన్నిట్లోకీ సీసం తక్కువ ఉంది దాంట్లోనే." అది విని కూడా మీ అమ్మ నన్ను తిట్టలేదు. అప్పుడు భయం వేసింది నాకు.

పిల్ల వెళ్ళాక నేనే నోరు విప్పాను. అత్తయ్యా, పురుగు పట్టిందని చెప్పి మళ్ళు పీకేద్దాం, రేపట్నుంచి ఆకు లేదంటే ఎవరూ అడగరు, మీ మాట దక్కుతుంది, వీధికి ఆకు తప్పుతుంది, అందరికీ మంచిదే. నాకు చాలా తెలివైన ఆలోచన అనిపించింది. ఇప్పటికీ కాస్త అనిపిస్తుంది.

మీ అమ్మ ఆకుల మూటకట్టి పక్కన పెట్టింది. "ఇచ్చేటప్పుడు గుమ్మంలో నిలబడి పేరు పెట్టి పిలిచి ఇచ్చానమ్మాయ్. ఇప్పుడు పురుగు మీదకు తోసేసి ఇంట్లో కూర్చోనా? తిన్నది వాళ్ళ ఒంట్లో ఉంది. వాళ్ళకు తెలియొద్దూ?"

"తిడతారు."

"తిట్టనీ. పద, చెప్పులేసుకో."

కష్టమైనది చివరికి ఉంచుకుంటుంది అనుకున్నాను. నేనైతే అలాగే చేస్తాను, తేలిక గుమ్మాలు ముందు, గట్టిది ఆఖర్న, ఆలోపు వాన వస్తే ఇంకా మంచిది. మీ అమ్మ నేరుగా టైలరు ఇంటికే నడిచింది.

ముందుగదిలో టైలరు మిషను తొక్కుతున్నాడు. లోపల పొయ్యి మీద మీ అమ్మ పొద్దున ఇచ్చిన ఆకే ఉడుకుతోంది. మీ అమ్మ లోపలికి వెళ్ళి పొయ్యి ఆపేసింది. ఆ పిల్ల నవ్వుతూ, ఏంటి బామ్మగారూ, ఇవాళ మీరు వండుతారా అంది. మీ అమ్మ నిలబడే చెప్పింది. వాక్యం వాక్యం, సంచుల పిల్ల చెప్పినట్టే, ఒక్క మాట అటూ ఇటూ కాకుండా. "సీసం అమ్మా. సీసా కాదు. కంటికి కనపడదు, కడిగితే పోదు. నాకు తెలియక రోజూ తెచ్చి నీ చేత తినిపించాను."

మిషను చప్పుడు ఆగింది. టైలరు గుమ్మంలోకి వచ్చాడు, మెడలో టేపు అలాగే ఉంది. తిడతాడని నేను ఎదురు తిట్లు సిద్ధం చేసుకున్నాను. "మీరు దగ్గరుండి తినిపించారు కదా బామ్మగారూ" అన్నాడు, అంతే. ఆ పిల్ల కడుపు మీద చేయి పెట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మీ అమ్మ ఆ గిన్నె తీసుకుని, మూత పెట్టి, బయటికొచ్చింది. గిన్నె కాలుతోందని ఆవిడకు తెలుస్తున్నట్టు లేదు. నేను లాక్కోవాల్సి వచ్చింది.

మిగతా గుమ్మాలు దానితో పోలిస్తే తేలిక. రిటైరయిన పోస్టుమాస్టరు గారు, "సీసమా? బళ్ళో నాకు సీసమంటే హడల్. ఆ పద్యం ఎన్నిసార్లు చదివినా గుర్తుండేది కాదు" అన్నాడు. మీ అమ్మ, "ఇది ఆ సీసం కాదు బాబూ. ఇది గుర్తు పెట్టుకోకపోయినా ఒంట్లో ఉండిపోతుంది" అంది. నేను ఇరవై ఏళ్ళు సాధన చేసినా అలాంటి మాట అనలేను. ఆయన నవ్వు ఆపేసి, కూర్చోండమ్మా అని కుర్చీ వేశాడు.

ఇస్త్రీ ఆవిడ మాత్రం వదల్లేదు. ఊరికే ఇస్తే ఇంతే, ఊరికే ఎవరిస్తారు, ఏదో ఉంటేనే ఇస్తారని నేను అప్పుడే అనుకున్నాను అని ఇస్త్రీ పెట్టె గాల్లో ఊపుతూ వీధంతా వినిపించేలా అరిచింది. అప్పుడే అనుకున్నదానివి అన్నాళ్ళు సంచి పట్టుకుని ఎలా ముందుకొచ్చావమ్మా అనబోయాను. మీ అమ్మ నా కాలి వేలు తొక్కింది. బాగా తొక్కింది. గోరు నల్లబడింది, ఇంకా అలాగే ఉంది. ఆవిడ అరిచినంతసేపూ అరవనిచ్చి, అయిపోయాక, "పిల్లలకు పరీక్ష చేయించు తల్లీ, అది మర్చిపోకు" అని చెప్పి వచ్చింది.

మర్నాడు మళ్ళు పీకాం. గాలికి ఊగుతున్న పంట. ఒక్కో మొక్కనూ వేళ్ళతో సహా లాగి గోనెసంచుల్లో కుక్కాం. కాల్చకూడదు, మేకలకు వేయకూడదు, కుళ్ళబెట్టి ఎరువు చేయకూడదు అని సంచుల పిల్ల చెప్పింది, కాలేజీ బండిలో తీసుకెళ్ళింది. చేతికి తొడుగులు వేసుకోమంటే మీ అమ్మ విసుక్కుంటూనే వేసుకుంది. మధ్యలో ఒకసారి తోటకూర కాడ ఒకటి పట్టుకుని, "ఇంత మంచిదానివి" అని, దాన్నీ సంచిలో వేసింది. నేను అటు తిరిగి ముక్కు చీదుకున్నాను. దుమ్ము.

తర్వాత కాలేజీవాళ్ళు మాట్లాడి క్లినిక్కులో వీధివాళ్ళకు రక్తపరీక్షలు పెట్టించారు. ఎవరూ కదల్లేదు. మీ అమ్మ వెళ్ళి సూది దగ్గర మొదట కూర్చుంది. ఆవిడ్ని చూసి పోస్టుమాస్టరు గారు, ఆయన్ని చూసి మిగతావాళ్ళు. ఇస్త్రీ ఆవిడ పిల్లలతో వచ్చింది, మా వైపు చూడలేదు. టైలరు పెళ్ళాన్ని తీసుకొచ్చాడు, వాళ్ళూ చూడలేదు. ఫలితం వచ్చేదాకా మీ అమ్మ అన్నం ముందు కూర్చోవడమే తప్ప తిన్నది లేదు. నేను ఎన్ని వేషాలు వేశానో. మీరు మర్చిపోయి వెళ్ళిన టోపీ పెట్టుకుని మీలా కూడా నడిచాను. కనీసం తిట్టమని బతిమాలాను.

టైలరు పెళ్ళాం రక్తంలో ఉన్నది కొద్దిగానేనట. ఆ ఆకు ఆపేసి మంచి తిండి తింటే తగ్గిపోతుంది, కాన్పు లోపు మళ్ళీ చూద్దాం, భయపడొద్దు అన్నాడు డాక్టరు. ఇస్త్రీ ఆవిడ పిల్లలకూ అంతే. నాకు దాదాపు లేదు. ఆకుకూర నాకు పడదని మీకు తెలుసుగా. వంకర నాలుక కూడా ఒకందుకు పనికొస్తుంది.

ఇప్పుడు మీ అమ్మ నన్ను రాయొద్దన్న మాట. అమ్మ ఫోనులో ఎందుకు తొందరగా పెట్టేస్తోంది, కోపమా అని పోయిన ఉత్తరంలో అడిగారు. కోపం కాదండీ. ఎక్కువసేపు ఫోను పట్టుకోలేకపోతోంది. చేతివేళ్ళు వణుకుతున్నాయి. వీధి మొత్తంలో సీసం ఎక్కువగా ఉన్నది ఆవిడ రక్తంలోనే. లేత ఆకంతా పంచిపెట్టి, అందరూ వద్దన్న ముదురాకులూ కాడలూ ఇన్నాళ్ళూ తను తిన్నది. డాక్టరు మందు రాశాడు, నేను మాత్ర మింగేదాకా ఎదురుగా నిలబడుతున్నాను. మెల్లగా తగ్గుతుందన్నాడు. వణుకు పూర్తిగా పోతుందో లేదో చూడాలన్నాడు. కాగితం చేతికొచ్చిన రోజున మీ అమ్మ అన్న మొదటి మాట, "హమ్మయ్య, ఎక్కువది నాకే వచ్చింది." రెండో మాట, "వాడు నీళ్ళ మీద ఉన్నాడు, వాడికి చెప్పకు." మొదటిది విన్నాక రెండోది వినబుద్ధి కాలేదు. మీరు ఓడ దిగి ఒకసారి రండి. జాలి చూపించకండి, ఆవిడకు నచ్చదు. కిటికీ బాగుచేయడానికి వచ్చానని చెప్పండి.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను, ఇది ఇవాళ పొద్దున జరిగింది. మీ అమ్మ వాకిట్లో తువ్వాలు ఒళ్ళో వేసుకుని కూర్చుంది. టైలరు పెళ్ళాం మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. నెలలు నిండుతున్నాయి. ఆ రోజు తలుపు వేసుకున్నాక మా గుమ్మం తొక్కడం ఇదే. మీ అమ్మ లేవబోయి, లేవలేక, అలాగే ఉండిపోయింది. ఆ పిల్ల మెట్టు మీద కూర్చుంది.

"బామ్మగారూ, కాన్పుకి మీరు నా పక్కన ఉండాలి."

మీ అమ్మ అడ్డంగా తల ఊపింది. "నేనా? నేనెందుకమ్మా? నేను నీకు చేసింది చాలదూ?"

"కాన్పు రోజు అక్కడున్న వాళ్ళందరూ ఏం కాదు, ఏం కాదు అంటారు. నాకు అది విని భయం. ఏమన్నా అయితే మీరు దాచకుండా చెప్తారు. మీరు ఏం కాదంటే నేను నమ్ముతాను."

మీ అమ్మ చేతులు తువ్వాలు కిందకు పోనిచ్చింది. "నా చేతులు వణుకుతున్నాయి తల్లీ. బిడ్డను పట్టుకోలేను."

"పట్టుకోవద్దు. పక్కన కూర్చోండి. పట్టుకోవడానికి ఈవిడున్నారుగా" అని ఆ పిల్ల నా వైపు చూసింది.

నా దగ్గర ఆ క్షణానికి మూడు జోకులు ఉన్నాయి. మూడూ మంచివే. ఒక్కటీ బయటికి రాలేదు. తల ఊపాను, అంతే.

ఇట్లు,
మీ అమ్మగారి కోడలు.